ముప్పై ఎనిమిదేళ్ళకి రోలర్ స్కేట్స్ ఎక్కా, భయంతోనే (నా అనుభవం)

నాకు పడిపోవడమంటే భయం. అది ఎప్పుడు పట్టుకుందో కూడా తెలుసు, పదో తరగతిలో. వానకి తడిసిన స్కూల్ మెట్ల మీద కాలు జారి కుడి చెయ్యి ఆన్చి పడ్డా, మణికట్టు దగ్గర ఎముక విరిగింది, చాలా రోజులు సిమెంట్ కట్టుతో తిరిగా. కట్టు విప్పాక చెయ్యి మామూలుగానే అయిపోయింది గానీ భయం మాత్రం ఉండిపోయింది. గుళ్ళో అభిషేకం అయ్యాక గచ్చు తడిగా ఉంటే ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తా. సింహాచలం మెట్లు ఎన్నైనా ఎక్కుతా, దిగేటప్పుడు మాత్రం పక్కన ఎవరో ఒకరి భుజం ఉండాలి. అలాంటిదాన్ని ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక కాళ్ళకి చక్రాలు కట్టుకున్నా. ఎలా నేర్చుకున్నా, ఎక్కడ నొప్పి పుట్టింది, ఏం కొనాలి, ఏది అక్కర్లేదు, గుర్తున్నదంతా రాస్తున్నా. ఎందుకంటే మొదలెట్టేముందు పెద్దవాళ్ళు, అందులోనూ భయస్తులు ఎలా నేర్చుకున్నారో తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికా, దొరికినవన్నీ పిల్లల గురించే.

మాది వైజాగ్. చిన్నప్పుడు బీచ్ రోడ్డులో ఉడా పార్కుకి వెళ్తే అక్కడ స్కేటింగ్ చేసేవాళ్ళని చూస్తూ నేనూ మా తమ్ముడూ అక్కడే నిలబడిపోయేవాళ్ళం, నాన్న పిలిచినా కదిలేవాళ్ళం కాదు. నేర్చుకుంటానని అడగాలనిపించేది గానీ ఆ రోజుల్లో మా ఇంట్లో ఆటలకి ఫీజు కట్టడం అనే మాటే లేదు, అడగలేదు. తర్వాత చెయ్యి విరిగింది, ఆ ఆలోచనే పోయింది. ఇప్పుడు మా పాపని మా ఏరియాలో రింక్‌లో చేర్పించాం, సాయంత్రం తీసుకెళ్ళి గంటసేపు బెంచీ మీద కూర్చోవడం నా పని. అక్కడ కూర్చున్న అమ్మలందరం ఫోన్లు చూసుకునేవాళ్ళం, నేను మాత్రం కొన్ని రోజులకి ఫోన్ పక్కనపెట్టి కొత్తగా చేరిన పిల్లల్ని చూడటం మొదలెట్టా. మొదట్లో ఏడుస్తూ వాళ్ళ అమ్మ చున్నీ వదలని పిల్లలు కొన్నాళ్ళకే రింక్ చుట్టూ తిరిగేస్తున్నారు, అది ధైర్యం వల్ల అనుకున్నా మొదట, కానీ జాగ్రత్తగా చూస్తే సర్ వాళ్ళకి ఒక వరసలో ఏదో నేర్పిస్తున్నారు, ఆ వరసలో మొదటిది పడటం. నిజంగానే, పిల్లల్ని నిలబెట్టి "ఇప్పుడు పడండి" అంటారు, అందరూ కావాలని పడతారు, లేస్తారు, మళ్ళీ పడతారు. దాన్ని చూశాకే నాకు ఆశ పుట్టింది. పడకుండా ఎలా ఉండాలో నేర్పుతాం అంటే నేను నమ్మేదాన్ని కాదు, ఎలా పడాలో నేర్పుతాం అంటే నమ్మబుద్ధేసింది.

ఇద్దరు ముగ్గురు అమ్మలం కలిసి సర్‌ని అడిగితే ఆదివారం పొద్దున్న పిల్లల బ్యాచ్‌కి ముందు ఒక గంట పెద్దవాళ్ళకి ఇస్తా అన్నారు. వెంటనే ఊ అనలేదు నేను. ముందు ఎముకల డాక్టర్‌కి చెయ్యి చూపించుకున్నా, ఎక్స్‌రే చూసి ఆ విరుపు ఎప్పుడో పూర్తిగా అతుక్కుపోయింది, ఇక్కడ బలహీనం ఏమీ లేదు, కానీ రిస్ట్ గార్డ్ లేకుండా మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు, స్కేటింగ్‌లో మణికట్టు దెబ్బలే ఎక్కువ అని చెప్పారు. ఇంట్లో మావారు సరే అన్నారు గానీ అత్తమ్మకి నచ్చలేదు. ఆవిడది శ్రీకాకుళం దగ్గర పల్లె, నేను ప్యాడ్లు వేసుకుని అద్దం ముందు నిలబడితే "ఏటమ్మా, పిల్లకి నేర్పిస్తావనుకుంటే నువ్వే కట్టేసుకున్నావేటి, చెయ్యిరిగితే ఎవలు సూస్తారు?" అంది. ఆవిడ భయం నా భయం కన్నా వేరేం కాదు కాబట్టి నాకు కోపం రాలేదు. ప్యాడ్లన్నీ ఒక్కొక్కటీ ఆవిడ చేతికిచ్చి చూపించా, రిస్ట్ గార్డ్‌లో అరచేతి వైపు ఉన్న గట్టి ప్లాస్టిక్ ముక్క వేలితో కొట్టి చూసి "ఇది గట్టిదే" అని ఊరుకుంది.

సామాన్ల సంగతి ఇక్కడే చెప్పేస్తా, కొత్తవాళ్ళు ఎక్కువ కంగారు పడేది దీని దగ్గరే కాబట్టి. స్కేట్స్ రెండు రకాలు, ముందు రెండు వెనక రెండు చక్రాలుండేవి క్వాడ్స్, ఒకే వరసలో చక్రాలుండేవి ఇన్‌లైన్. రెండింట్లో ఏది తేలిక అని అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. మా సర్ మాత్రం భయస్తులకి క్వాడ్సే ఇస్తారు, అడుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఊరికే నిలబడినప్పుడు పాదం పక్కకి వాలిపోదు, ఆ ఒక్క నమ్మకం మొదటి రోజుల్లో చాలా అవసరం. రోడ్డు మీద, గరుకు నేల మీద దూరాలు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇన్‌లైనే హాయి. పిల్లలకి ఇచ్చే, షూ మీద బెల్టుతో కట్టుకునే అడ్జస్టబుల్ స్కేట్స్ పెద్దవాళ్ళకి వద్దు, మన బరువుకి అవి లోపల కదులుతాయి, కాలు ఒకవైపు పోతే చక్రం ఇంకోవైపు పోతుంది. బూట్ ఉన్నవే తీసుకోండి. తొడుక్కుని మోకాళ్ళు వంచితే మడమ లేవకూడదు, నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు అంచుకి కొద్దిగా తగలొచ్చు, వంచినప్పుడు వెనక్కి రావాలి, సైజ్ సరిపోయిందనడానికి నాకు చెప్పిన గుర్తు ఇది. లేసు మాత్రం అంతటా ఒకేలా బిగించొద్దు, వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా.

చక్రం మీద రెండు అంకెలుంటాయి, ఒకటి సైజ్, క్వాడ్స్‌కి మామూలుగా 62 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇంకోటి గట్టిదనం, 78ఏ, 85ఏ, 95ఏ అలా. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది. చెక్క ఫ్లోర్ మీద, నున్నటి ఇండోర్ ఫ్లోర్ మీద గట్టివి బాగుంటాయి, మన దగ్గర ఎక్కువ రింకులు ఓపెన్ సిమెంట్‌వే కాబట్టి మెత్తటివే నయం, చిన్న రాయి తగిలినా చక్రం దాని మీదనుంచి వెళ్ళిపోతుంది, గట్టి చక్రమైతే అక్కడే ఆగిపోయి మనం ముందుకి పడతాం. మెత్తటివి కాస్త నెమ్మదిగా కూడా పోతాయి, మొదట్లో మనకి కావాల్సింది అదేగా. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, రిస్ట్ గార్డ్స్ ఈ నాలుగూ స్కేట్స్ కన్నా ముందు కొన్నా నేను, డెకాథ్లాన్‌లో పెద్దవాళ్ళ సైజులు దొరికాయి. మోకాలి ప్యాడ్ కొనేటప్పుడు ముందున్న ప్లాస్టిక్ చిప్ప గట్టిగా, నున్నగా ఉందో లేదో చూడండి, ఎందుకో కింద చెప్తా.

ఇక మొదటి ఆదివారం. రింక్‌లోకి వెళ్ళనివ్వలేదు సర్, పక్కన పాత కార్పెట్ ముక్క పరిచి దాని మీద స్కేట్స్ వేసుకోమన్నారు, కార్పెట్ మీద చక్రం తిరగదు కాబట్టి. అయినా లేచి నిలబడగానే నా కాళ్ళు వణికాయి, కనపడేలా వణికాయి, మోకాళ్ళు రెండూ. సర్‌కి పాతికేళ్ళుంటాయేమో, చిన్నవాడే, "మేడమ్, వణుకు రానివ్వండి, ఆపొద్దు, మోకాళ్ళు మాత్రం వంచండి" అన్నారు. వంచా. వణుకు సగం తగ్గింది. ఎందుకలా అంటే భయపడ్డప్పుడు మనం కాళ్ళు బిగబట్టి కర్రల్లా నిలబెడతామట, బిగిసిన మోకాలు ఏ చిన్న కదలికనీ సర్దుకోలేదు, వంగిన మోకాలు సర్దుకుంటుంది. ఆ రోజు విన్న మాటల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. అప్పటిదాకా నా భయం నా గుణం అనుకునేదాన్ని, అది ఒంట్లో ఎక్కడెక్కడ ఏం చేస్తోందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. మోకాలు బిగుస్తుంది, నడుము వెనక్కి వాలుతుంది, తల కిందకి వంగి పాదాల్నే చూస్తుంది, ఊపిరి ఆగుతుంది. ఈ నాలుగూ పడేసేవే. వెనక్కి వాలితే చక్రాలు ముందుకి జారి నడుం మీద పడతాం, అన్నిటికన్నా చెడ్డ పాటు అది. పాదాల్ని చూస్తే దాదాపు అయిదు కిలోల తల ముందుకి వేలాడి బరువంతా వేళ్ళ మీదకొస్తుంది. అంటే భయం పోయేదాకా ఆగక్కర్లేదు, భయం ఉండగానే మోకాలు వంచొచ్చు, కళ్ళు ఎత్తొచ్చు, ఊపిరి వదలొచ్చు. భయాన్ని నేను ఆపలేను గానీ మోకాలు నా చేతిలో పని.

తర్వాత పడటం. కార్పెట్ మీదే. తూలుతున్నట్టు అనిపించగానే పైకి నిక్కకుండా కిందకి కూర్చుండిపోవాలి, చేతులు మోకాళ్ళ మీదకి తెచ్చుకోవాలి, అక్కడినుంచి ఒక మోకాలి ప్యాడ్ మీద వాలాలి, ఆ నున్నటి ప్లాస్టిక్ చిప్ప నేల మీద జారిపోతుంది కాబట్టి దెబ్బ అక్కడే ఆగకుండా జారుడులో పోతుంది, చిప్ప గట్టిగా ఉండాలన్నది అందుకే. ముందుకి కుదరకపోతే పక్కకి, పిర్ర కండ మీద. చేతులు చాచి మాత్రం ఆన్చకూడదు. తప్పనిసరై నేల తగిలితే వేళ్ళు లోపలికి ముడిచి పిడికిలి పెట్టుకోవాలి, వెనకొచ్చేవాళ్ళ చక్రం వేళ్ళ మీదకి ఎక్కకుండా. ఇది నాకు మహా కష్టమైంది, ఎందుకంటే పడుతున్నానంటే నా కుడి చెయ్యి దానంతటదే ముందుకి పోతుంది, అదే కదా విరిగింది కూడా. సర్ ఒక పని చేశారు, రెండు చేతుల్లో రెండు చిన్న స్పాంజి బంతులిచ్చి వాటిని వదలకుండా పడమన్నారు. బంతి పట్టుకున్న చెయ్యి చాచదు. ఆ బంతులతో ఎన్నిసార్లు పడ్డానో లెక్కపెట్టలేదు, చివరికి బంతులు తీసేసినా పిడికిళ్ళు అలాగే ఉన్నాయి.

లేవడానికీ ఒక పద్ధతుంది. పెద్దవాళ్ళం చాలామంది కింద చేతులు ఆన్చి నడుము పైకెత్తి లేవబోతాం, చక్రాలు రెండూ చెరోవైపు పోయి మళ్ళీ కూలబడతాం. అలా కాదు, ముందు రెండు మోకాళ్ళ మీద నిలబడాలి, ఒక పాదం ముందుకి తెచ్చి చక్రాలు నాలుగూ నేలకి ఆనేలా పెట్టాలి, రెండు చేతులూ ఆ మోకాలి మీద వేసి నొక్కుతూ లేవాలి, రెండో పాదాన్ని మొదటి పాదం మడమకి అడ్డంగా ఆన్చాలి. అలా అడ్డంగా ఆన్చితే స్కేట్ ఎటూ కదలదు. ఆ రోజంతా ఇంతే, ఒక్క గజం కూడా దొర్లలేదు, అయినా ఇంటికొచ్చాక నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. పడ్డాను, లేచాను, ఏమీ విరగలేదు. పదో తరగతి తర్వాత అలా కావాలని నేలని తాకడం అదే మొదలు.

సిమెంట్ మీదకి వచ్చాక మొదట బాతు నడక, మడమలు దగ్గరగా, వేళ్ళు బయటికి పెట్టి చిన్న చిన్న అడుగులు. ఒక అడుగు వేసి ఆ కాలి మీదకి బరువు పూర్తిగా వచ్చాకే రెండోది ఎత్తాలి. బరువు మధ్యలో ఉంచుకుని నడవబోతే కాళ్ళు రెండూ విడిపోతాయి, కొత్తవాళ్ళు ఎక్కువ పడేది ఇక్కడే. అడుగులు వేస్తూ వేస్తూ మధ్యలో ఆపేస్తే మిగిలిన ఊపుకి స్కేట్స్ వాటంతట అవే కొంచెం దొర్లుతాయి, అదే మొదటి గ్లైడ్. నాది రెండు మూడు అడుగుల దూరం ఉంటుందేమో. ఆ క్షణంలో కింద చక్రాల చప్పుడు మారుతుంది, టకటక మన్నది ఒక్కసారి సాగిన సన్నటి శబ్దం అవుతుంది, అది విన్నాక నాకు తెలియకుండానే గట్టిగా నవ్వేశా. పక్కన మా పాప స్నేహితురాలు, రెండో తరగతి పిల్ల, వాళ్ళ బ్యాచ్ కోసం ముందే వచ్చి నన్నే చూస్తోంది, "ఆంటీ, కిందకి చూడకండి, నన్ను చూడండి" అని నా ముందు వెనక్కి స్కేటింగ్ చేసుకుంటూ వెళ్ళింది. ఆ పిల్ల మొహం చూస్తూ రింక్ సగం దాటా. ఇంతకన్నా మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు నా స్కేట్స్ బాగా ఊగుతున్నాయని చెప్తే సర్ స్పానర్ తెచ్చి కింద తిరగేసి చూపించారు. ప్రతి జత చక్రాల మధ్యా ట్రక్ అని ఒక లోహం ముక్క, దాని కింద రంగు రబ్బరు కుషన్లు, వాటిని పట్టి ఉంచే ఒక నట్టు. పాదం ఎటు వాలిస్తే అటు రబ్బరు నలిగి ఇరుసు తిరుగుతుంది, స్కేట్ అటు మళ్ళుతుంది. నట్టు వదులైతే తొందరగా మళ్ళుతుంది, ఊగినట్టు ఉంటుంది, బిగిస్తే తిన్నగా పోతుంది. నాకు పావు తిప్పు బిగించారు, మరుక్షణం నేల గట్టిపడినట్టయింది. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారా అని ఆ రాత్రి చదివా, 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు స్కేట్స్ ఉన్నాయి గానీ తిన్నగా పోవడమే తప్ప మలుపు తిరగడం చాలా కష్టమట. అంతకన్నా వందేళ్ళ ముందు, 1760ల్లో, లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రాల నిపుణుడు కాళ్ళకి చక్రాలు కట్టుకుని ఒక పెద్దింటి విందులోకి వయొలిన్ వాయిస్తూ వచ్చాడని, ఆగడానికీ తిరగడానికీ దారిలేక ఖరీదైన అద్దాన్ని గుద్దుకుని అద్దం, వయొలిన్ రెండూ పగలగొట్టి బాగా గాయపడ్డాడని చెప్తారు. ఇది చదివాక నాకు ఆగడం మీద శ్రద్ధ పెరిగింది.

ఆగడం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తా, ఆగడం రాని మనిషిని వేగం పెంచమనే చోట నేర్చుకోవద్దు. క్వాడ్స్ ముందు గుండ్రటి రబ్బరు ఉంటుంది, టో స్టాప్, దాన్ని చూసి అందరూ బ్రేక్ అనుకుంటారు, ముందుకి పోతూ రెండు కాళ్ళ వేళ్ళూ కిందకి నొక్కితే బోర్లా పడతాం. మొదట నేర్పేది ప్లో స్టాప్, కాళ్ళు వెడల్పుగా పెట్టి, మోకాళ్ళు బాగా వంచి, వేళ్ళు కొంచెం లోపలికి తిప్పి మడమలతో బయటికి తోయాలి, తొడలు మండుతాయి, నెమ్మదిగా ఆగుతుంది. తర్వాత టీ స్టాప్, ఒక కాలు మీద పోతూ రెండో కాలిని వెనక అడ్డంగా పెట్టి ఈడ్చడం. నాకు ప్లో స్టాప్ రావడానికి చాలా వారాలు పట్టింది, అది వచ్చిన రోజునుంచే నేను రైలింగ్ వైపు చూడటం మానేశా. ముందుకి పోవడం వచ్చినప్పుడు కాదు, ఆగడం వచ్చినప్పుడే భయం తగ్గింది నాకు, అందుకే పదేపదే చెప్తున్నా.

నొప్పుల మాట. మోకాళ్ళు నొప్పి పుడతాయనుకున్నా, పుట్టలేదు. పుట్టింది మోకాలి కింద ముందువైపు ఎముక పక్క కండ, పాదం మధ్య వంపు. బూటులో వేళ్ళు భయంతో ముడుచుకుని నేలని పట్టుకోబోతాయి, దాంతో అరికాలు పట్టేస్తుంది. లేసు వేళ్ళ దగ్గర వదులు చేసి, లోపల వేళ్ళు కదుపుతూ ఉండమన్నారు, అది తగ్గింది. ముందువైపు కండ నొప్పికి పదినిమిషాలకోసారి కూర్చోవడమే మందు. ఇంట్లో పళ్ళు తోముకునేటప్పుడు ఒక్క కాలి మీద నిలబడటం అలవాటు చేసుకున్నా, ఒంటికాలి గ్లైడ్‌కి అది బాగా పనికొచ్చింది.

నిజంగా పడింది ఒక డిసెంబర్ పొద్దున్న. వైజాగ్‌లో ఆ నెలల్లో తెల్లారేసరికి సిమెంట్ మీద మంచు పడి పల్చటి తడి ఉంటుంది, ఎండ వచ్చేదాకా సర్ రింక్ తెరవరు, ఆ రోజు ఎండ వచ్చింది, చెట్టు నీడలో ఒక మూల మాత్రం ఆరలేదు. మలుపు తిరుగుతుంటే ఎడమ స్కేట్ పక్కకి జారిపోయింది. నాకు గుర్తున్నదల్లా కూర్చుండిపోవడం, కుడి మోకాలి చిప్ప గచ్చు మీద గీసుకుంటూ పోయిన చప్పుడు, తర్వాత ఎండ పడుతున్న సిమెంట్ మీద రెండు పిడికిళ్ళూ. కుడి రిస్ట్ గార్డ్ ప్లాస్టిక్ మీద పొడుగ్గా తెల్లటి గీత పడింది, చర్మం మీద ఏమీ లేదు. సర్ పరిగెత్తుకొచ్చేసరికి నేనే లేచి నిలబడ్డా. ఇంటికొచ్చి ఆ గీత అత్తమ్మకి చూపిస్తే వేలుతో తడిమి, "ఇది లేకపోతే నీ సెయ్యే కదే" అంది, అంతే, తర్వాత ఎప్పుడూ వద్దనలేదు, ఆదివారం పొద్దున్న నాకన్నా ముందు లేచి టీ పెట్టేస్తుంది.

సముద్రం దగ్గరుండేవాళ్ళకి ఇంకో మాట. చక్రంలో బేరింగులుంటాయి, చక్రానికి రెండు, మొత్తం పదహారు, మామూలుగా 608 సైజువే. మన ఉప్పుగాలికీ చెమటకీ అవి తొందరగా తుప్పుపడతాయి, ఇసుక దూరితే గరగరమంటాయి. వేలితో చక్రాన్ని తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. నీళ్ళతో కడగొద్దు, పొడిగుడ్డతో తుడిచి ఇంట్లో గాలి తగిలే చోట పెట్టండి, డిక్కీలో వదిలేయొద్దు. రింక్‌కి వెళ్ళగానే పిల్లలంతా కలిసి చీపుర్లు పట్టుకుని ఊడ్చాకే ప్రాక్టీస్, ఇప్పుడు మేమూ ఊడుస్తాం.

పిల్లల బ్యాచ్‌కి సర్ చెప్పే కథ ఒకటి నాకు బాగా ఇష్టం. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, 2023 అక్టోబర్, మగవాళ్ళ 3000 మీటర్ల రిలే. కొరియా స్కేటర్ ముందున్నాడు, గెలిచేశాననుకుని గీత దగ్గర చేతులు పైకెత్తాడు, పక్కన తైవాన్ కుర్రాడు ఎడమకాలు ముందుకి చాచాడు, సెకనులో నూరో వంతు తేడాతో బంగారం తైవాన్‌కి పోయింది. ఆ పోటీలోనే మూడో స్థానం మనది, ఆడవాళ్ళ రిలేలో కూడా అదే రోజు మనకి కాంస్యం వచ్చింది. ఆ మగవాళ్ళ టీమ్‌లో ఉన్న ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో చైనాలో జరిగిన స్పీడ్ స్కేటింగ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో 1000 మీటర్లు గెలిచాడు. మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా అయితే ఆర్టిస్టిక్ స్కేటింగ్, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు, తర్వాత అర్జున అవార్డు. క్రికెట్ స్కోర్ తెలిసినంతగా ఈ పేర్లు మన ఇళ్ళల్లో తెలియవు, నాకూ రింక్‌కి వెళ్ళేదాకా తెలియదు, ఇప్పుడు మా పాపా నేనూ ఆ వీడియోలు కలిసి చూస్తాం, వాళ్ళ మోకాలు ఎంత వంగిందో చూడమని అదే నాకు చూపిస్తుంది.

పెద్దవాళ్ళు నేర్చుకోవాలనుకుంటే చోటు ఎలా ఎంచుకోవాలని నన్ను తెలిసినవాళ్ళు అడుగుతున్నారు. ఫీజు తర్వాత చూసుకోండి, ముందు ఒకరోజు వెళ్ళి ఊరికే కూర్చుని చూడండి. మొదటి క్లాసులోనే పడటం, లేవడం నేర్పుతున్నారా, లేక చెయ్యి పట్టుకుని రింక్ చుట్టూ లాక్కెళ్ళి వదిలేస్తున్నారా? నేను ముందు వెళ్ళి చూసిన ఒక చోట అలాగే లాక్కెళ్ళారు ఒకావిడని, ఆవిడ మొహం చూశాక నేను చేరలేదు. చెయ్యి పట్టుకుంటే మన బరువు వాళ్ళ చేతి మీదకి పోతుంది, వదలగానే మనకి నిలబడటం రాదు. హెల్మెట్ లేకుండా లోపలికి రానిస్తున్నారా, పెద్దవాళ్ళకి పిల్లల రద్దీ లేని టైమ్ ఇస్తున్నారా, ఇవి చూసుకోండి. "భయమెందుకు మేడమ్, వచ్చేస్తుంది" అనే మాట నాకు ఒక్కనాడూ పనిచెయ్యలేదు, "మోకాలు వంచండి" అన్న మాట ప్రతిసారీ పనిచేసింది. ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పినవాళ్ళు, కళ్ళు తిరిగే జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా దిగొద్దు.

ఇప్పుడు నేను రింక్ చుట్టూ ఆగకుండా తిరుగుతా, రెండు పాదాలూ నేల మీదే ఉంచి లోపలికీ బయటికీ తోస్తూ పోవడం బాగా వచ్చింది, ఒంటికాలి గ్లైడ్ ఎడమకాలి మీద నిలకడగా ఉంటుంది. మావారు ఒక పొద్దున్న బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే టైమ్‌లో తీసుకెళ్తా అన్నారు గానీ సర్ ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు, రోడ్డుకి వాలు ఉంటుంది, వాలులో ఆగడం వేరే పాఠమట. ప్రస్తుతం పాఠం క్రాసోవర్, మలుపులో కుడికాలిని ఎడమకాలి మీదుగా దాటించి వెయ్యడం. ఎడమవైపు మలుపులో దాటుతోంది, కుడివైపు ఇంకా కాలు లేవట్లేదు. రింకుల్లో అందరూ గడియారం ముల్లుకి ఎదురు దిశలోనే తిరుగుతారు కాబట్టి ఎడమ మలుపే అందరికీ అలవాటవుతుందని, అందుకే మా గంటలో ఆఖరి పదినిమిషాలు సర్ దిశ మార్పించి తిప్పుతున్నారు. ఆ పదినిమిషాలు మళ్ళీ కొత్తగా చేరినట్టే ఉంటోంది నాకు, మోకాళ్ళు వంచి, బాతు నడకనుంచి మొదలెట్టి చేస్తున్నా.